మున్నేటి ఒడ్డున పరిగె

విజయవాడ నుంచి నందిగామ వెళ్లడం కూడా ఒక యాత్రేనా అని మా ఇంట్లోవాళ్లే నవ్వారు. బస్సులో గంటన్నర దూరం. పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. నాకు మాత్రం రెండు రోజులు పట్టింది. తిరిగివచ్చి వారమైనా కోపం దిగలేదు. పూర్తిగా దిగకముందే రాసేయాలని కూర్చున్నాను.

నేను విజయవాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెబుతాను. ఫిబ్రవరి మొదట్లో నందిగామలో ఒక కాలేజీవాళ్లు రెండు రోజుల సదస్సు పెట్టారు. అంశం, కష్టకాలపు అమెరికా నవలల్లో బైబిల్ ప్రతీకలు. విద్యార్థులకు అందాలని పత్రాలు తెలుగులో కూడా చదవొచ్చన్నారు. రెండో రోజు పొద్దుటి సమావేశానికి నన్ను అధ్యక్షురాలిగా రమ్మన్నారు.

ఆ సమావేశంలో పత్రం చదవాల్సినవాళ్లలో కరుణ ఒకతె. నా దగ్గర చదువుకున్న పిల్ల. వాళ్లది పెనుగంచిప్రోలు పక్కన మున్నేటి ఒడ్డున ఒక ఊరు. జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేస్తోంది. ఏటా జూన్ వచ్చేసరికి ఉంచుతారో పొమ్మంటారో తెలియని ఉద్యోగం. ఈసారి ఏదైనా సదస్సులో పత్రం చదివి సర్టిఫికెట్ తెస్తేనే వచ్చే ఏడాదికి తీసుకుంటామని వాళ్ల ప్రిన్సిపాల్ తేల్చి చెప్పాడట. తండ్రి లేడు, తల్లి కూలికి వెళుతుంది. ఆ జీతం ఆగితే ఆ ఇల్లు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. నేను ఈ సదస్సుకు ఒప్పుకున్నదే ఆ పిల్ల కోసం.

తొలి రోజు ఉదయం ఏడున్నరకు బస్టాండులో జగ్గయ్యపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఈ దారిలో వెళ్లేవారికి ఒక మాట. నందిగామకు బస్సులకేమీ కొదవలేదు, కానీ హైదరాబాదు బస్సులు కొన్ని ఊళ్లోకి వెళ్లకుండా హైవే మీదే దింపేస్తాయి. కండక్టర్‌ని అడిగి ఎక్కడం మంచిది. కుడివైపు కిటికీ దొరికింది. ఇబ్రహీంపట్నం దాటాక సంచిలోంచి కరుణ పత్రం తీశాను.

అమెరికాలో పంటలు ఎండిపోయి, బ్యాంకులు భూములు లాక్కున్న రోజుల మీద అక్కడివాళ్లు చాలా నవలలు రాశారు. వాటిలో బతుకుతెరువు కోసం బండెక్కిన ప్రతి కుటుంబం వెనకా ఐగుప్తు బానిసత్వం నుంచి బయల్దేరిన ఇశ్రాయేలీయుల నీడ ఉంటుంది. దాటిన నది ఆ జనం దాటిన యొర్దాను అవుతుంది. ఊరిని ముంచిన వరద నోవహు నాటిది అవుతుంది. మిల్లు మూతపడి అన్నీ పోగొట్టుకున్నవాడు, దేవుడి పరీక్షలో అన్నీ పోగొట్టుకున్న యోబు. మా కాలేజీ పిల్లలు చదివే గైడ్లలో ఇదంతా రెండు గళ్ల పట్టికగా వేసి ఉంటుంది. ఇటు నది, అటు యొర్దాను, రెండు మార్కులు. ఆ పట్టికలు వేసినవాడు దొరికితే నాలుగు తిట్టాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

కరుణ పట్టిక వెయ్యలేదు. ఒక్క రూతు కథను పట్టుకుంది. ఆ కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. కరువొచ్చి ఒక కుటుంబం బేత్లెహేము వదిలి పొరుగుదేశం మోయాబుకు వలస పోతుంది. అక్కడ తండ్రీ, ఇద్దరు కొడుకులూ చనిపోతారు. ముసలి అత్త నయోమి తన ఊరికి తిరుగుముఖం పడుతూ కోడళ్లను పుట్టిళ్లకు పొమ్మంటుంది. ఒకతె వెళ్లిపోతుంది, రూతు మాత్రం అత్తను వదలదు. ఊరు చేరాక కోతకోసే యవల చేలో పరిగె, అంటే కోసేవాళ్ల వెనక రాలిన వెన్నులు, ఏరుకుని అత్తను పోషిస్తుంది. చేను ఆసామి బోయజు ఆమె గురించి విని, కావాలనే కొన్ని పిడికిళ్లు జారవిడవమని కూలీలకు చెబుతాడు.

అందరూ ఈ కథలో బోయజు మంచితనాన్ని చూస్తారు, నవలాకారులు దాని వెనక ఉన్న చట్టాన్ని చూశారు అంటుంది కరుణ. చేను అంచుల దాకా కొయ్యకూడదు, పడినది మళ్లీ వెళ్లి ఏరుకోకూడదు, అది పేదవాడిది అని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. ఆకలితో ఉన్న జనం ముందే రాలిన పండ్లను కుళ్లబెట్టి కాపలా పెట్టిన తోటల గురించి రాసినప్పుడు ఆ రచయితలు జాలి చూపించమని అడగడం లేదట. ఆ చట్టాన్ని ఎత్తిచూపి, మీరు దొంగలు అంటున్నారట. పరిగె దానం కాదు, హక్కు అని పత్రం ముగించింది. నాకు గర్వంగా అనిపించింది.

పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ నేను చదవడం చూస్తూనే ఉంది. కంచికచర్లలో దిగబోతూ, "పరీక్ష పేపర్లాండీ?" అని అడిగింది.

"కాదండీ, మీటింగు. అమెరికాలో పేదవాళ్ల మీద రాసిన నవలల గురించి."

"అమెరికాలో కూడా పేదోళ్లుంటారా?" అని నవ్వి, "మావాడు ఎప్పుడూ చెప్పలేదే" అంటూ దిగిపోయింది.

కీసర టోల్‌గేటు దగ్గర కాసేపు ఆగి, తొమ్మిది దాటాక నందిగామ చేరాం. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ బాగుంది. ఈ రెండు రోజుల ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకోగలిగినవాటిలో అది ఒకటి.

కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీ చూడగానే ఏదో తేడా తెలిసింది. కష్టకాలపు అమెరికా నవలల్లో ప్రతీకలు అని ఉంది. బైబిల్ అన్న మాట మీద అదే రంగు కాగితం అంటించారు. లోపల కార్యక్రమం పత్రంలో నా సమావేశంలో కరుణ పేరు లేదు.

సదస్సు నడిపే కన్వీనరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"కమిటీలో ఒక పెద్దాయన అడ్డుపడ్డారండి. కాలేజీలో మతప్రచారం ఏంటన్నారు. మీకు తెలియందేముంది, ఇప్పుడు రోజులెలా ఉన్నాయో."

"సదస్సు అంశమే అదిగా?"

"అంశం అదేనండి. అంశం మీద ఎవరికీ అభ్యంతరం లేదు." ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ అమ్మాయి ఎవరో, ఊరి చివర ఏ పల్లెనించి వచ్చిందో వాళ్లు వాకబు చేశారు. ఆదివారం చర్చిలో పాటలు పాడుతుందట. ఆమె నోటితో రూతు, బోయజు అంటే వేరేలా ఉంటుంది కదండీ."

నేను కాఫీ కప్పు పక్కన పెట్టేశాను. ఆయన దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

"అందుకని నేనొక మార్గం ఆలోచించా. పత్రం చాలా బాగుంది, నేనే చదివా. దాన్ని మీరు చదవండి, మీ పేరుతోనే. ఈ ఊళ్లో మీ బాబాయిగారి కొట్టు ఉంది, మీరెవరో మాకు తెలియదా? మీరైతే ఎవరూ ఏమీ అనుకోరు. సాహిత్యం సాహిత్యంలాగా ఉంటుంది."

ఆ మాటలు ఆయన ఎంత సౌమ్యంగా అన్నాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అవే కాగితాలు, అవే మాటలు. మా ఇంటి నోటితో అయితే సాహిత్యం, ఆ పిల్ల నోటితో అయితే ప్రచారం. నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని రాసుకున్నది నాకు తాంబూలంలో పెట్టి ఇస్తున్నాడు. దానికి నేను సంతోషించాలి కాబోలు.

"ఇంకొకరి పత్రం నేను చదవనండి. ఆమె పేరు లేకపోతే రేపు మీ వేదిక మీద నేనూ ఉండను. ఎందుకు లేనో బయట అందరికీ చెబుతా" అన్నాను.

ఆయన లేచి ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్లాడు. ప్రారంభ సభలో జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు. పన్నెండింటికి కన్వీనరు నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. కరుణ చదవొచ్చు. కానీ బైబిల్ అనే మాట రాకూడదు. అందులోని పేర్లు రాకూడదు, ఊళ్లు రాకూడదు, దేవుడు రాకూడదు. ఒక్కటి వచ్చినా మైకు ఆపేస్తారు. బైబిల్ ప్రతీకల మీద సదస్సులో బైబిల్ వినపడకూడదట. నేను నవ్వేశాను. ఆయన కూడా నవ్వాడు. ఇద్దరం వేరేవేరే కారణాలకు నవ్వాం.

ఈ సంగతి ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. భోజనం చెయ్యకుండానే బస్టాండుకు వచ్చి జగ్గయ్యపేట బస్సెక్కాను. చిల్లకల్లు దగ్గర హైవే వదిలి ఊళ్లోకి తిరిగేదాకా మనసులోనే కన్వీనరుతో పోట్లాడుతూ ఉన్నాను. మనసులో పోట్లాటల్లో నేనెప్పుడూ గెలుస్తాను. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని సంచి పడేశాను. గదిలో ఫ్యాను తిరుగుతుంది, నీళ్లు వస్తాయి, దుప్పటి మాత్రం మీది మీరు తెచ్చుకోండి.

కరుణకు క్లాసులు ఒంటిగంటకే అయిపోయి ఊరెళ్లిపోయిందని కాలేజీలో చెప్పారు. పెనుగంచిప్రోలుకు షేర్ ఆటో ఎక్కాను. గుడికి వెళ్లే భక్తులు నలుగురు, మిరప విత్తనాల సంచితో ఒకాయన, నేను. రోడ్డుకు అటూ ఇటూ మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు అందరం తుమ్ముతూనే వెళ్లాం. డ్రైవరు మాత్రం తుమ్మలేదు. అలవాటైపోయిందన్నాడు.

వస్తున్నానని మాత్రం ఫోన్ చేశాను, కరుణ రోడ్డు మీదికే వచ్చింది. "ఇంటికి తాళమేసి ఉంది మేడం. అమ్మ చేలో ఉంది. పరిగె ఏరుతున్నారు, వస్తారా?" అంది.

పత్రంలో చదివిన మాట పొద్దున్నుంచి నా సంచిలోనే ఉంది. అది ఇక్కడ ఆ సాయంత్రం కూడా జరుగుతున్న పని అని నేను అనుకోలేదు.

మున్నేరు గట్టు పక్కన పత్తి చేను. ఆఖరి తీత అయిపోయింది. కట్టెలా ఎండిన మొక్కల మధ్య పదిమంది దాకా ఆడవాళ్లు ఒడి కట్టుకుని వంగి తిరుగుతున్నారు. సగం విచ్చిన కాయలు, గులాబీరంగు పురుగు తిన్న కాయలు, నేలరాలి మట్టి అంటిన దూది, అన్నీ ఏరుతున్నారు. ఆ చేలో ఏడాదంతా పత్తి తీసినవాళ్లదే పరిగె. వాళ్లు ఏరుకోవడం అయ్యేదాకా ఆసామి గొర్రెల్ని తోలడు, చేను దున్నడు. వేరే చేను కూలీలు ఇందులో కాలు పెట్టరు. ఇది ఎక్కడా రాసి లేదు, కానీ పెనుగంచిప్రోలు చుట్టుపక్కల అందరికీ తెలుసు. కరుణ అమ్మ దీనమ్మ ఒడిలోంచి దూది చూపించి, "దీంతోనే దుప్పట్లు, దిండ్లు. కొంచెం మిగిలితే అమ్ముకుంటాం. మీరు మా పిల్ల మేడమాండీ? కూచోండి" అని గట్టు మీద తుండు పరిచింది.

నేను కూర్చున్నానో లేదో ట్రాక్టరు వచ్చింది. వెనక రోటవేటరు కట్టి ఉంది. ఎండిన మొక్కల్ని ముక్కలు చేసి మట్టిలో కలిపేసే యంత్రం అది. బండి వెనకే మోటారుసైకిలు మీద ఆసామి కోటేశ్వరరావు. తెల్లచొక్కా, చేతిలో ఫోను. మొక్కజొన్న వెయ్యాలి, ట్రాక్టరు బాడుగకు దొరకడమే కష్టంగా ఉంది, ఇవాళే దున్నించేస్తానన్నాడు.

ఆడవాళ్లు ఏరడం ఆపి ట్రాక్టరు ముందుకు వచ్చి నిలబడ్డారు. ఎవరూ అరవలేదు. దీనమ్మే మాట్లాడింది.

"రేపు సాయంత్రందాకా ఆగండి. సగం చేను మిగిలే ఉంది. ఏడాదంతా మేమే కదండీ తీసింది."

"ఈ పురుగు పత్తికి రెండు రోజులేంటే?"

"పురుగుదైనా మాదేగా."

ఆయన నన్ను చూశాడు. ఊరికి కొత్త మనిషి, చేతిసంచీ, కళ్లద్దాలు. ఎవరనుకున్నాడో ఏమో గొంతు మారింది. "సరే, రేపు సాయంత్రందాకా ఏరుకోండి. నేనేం కాదంటానా, మీరు మావాళ్లే కదా" అన్నాడు. ట్రాక్టరు వెనక్కి తిరిగింది. వెళుతూ నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఎదుటివాడు చేతులు జోడిస్తే నా చేతులు వాటంతటవే లేస్తాయి.

ఆడవాళ్లు మళ్లీ చేలోకి వెళ్లాక గట్టు మీద కరుణకు అంతా చెప్పాను. ఫ్లెక్సీ మీద కాగితం సంగతి, పల్లె సంగతి, నన్ను చదవమన్న సంగతి, చివరి షరతు, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ ఈ షరతు మోసుకుని ఇంత దూరం వచ్చింది నేనే కదా అనిపించింది.

కరుణ ఏడవలేదు. దూరంగా ఏరుతున్నవాళ్లనే చూస్తూ ఉంది.

"మీరే చదివేయొచ్చుగా మేడం. నాకు సర్టిఫికెట్ ఇప్పిస్తే చాలు."

"నేను చదవను. అది నీ చేను" అన్నాను. నా గొంతు గట్టిగా లేచింది. ఆ పిల్ల మీద కూడా కోపమొచ్చింది. అంత తేలిగ్గా ఎలా వదిలేస్తుంది? తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆమెకు అది తేలిక కాదు, అలవాటు.

"పేర్లు రాకూడదు, ఊళ్లు రాకూడదు, దేవుడు రాకూడదు. అంతేనా మేడం? ఇంకేం లేవుగా?"

"అంతే. ఇంకేం మిగిలింది కనక."

"సరే, పొద్దున ఎనిమిదిన్నర బస్సుకి జగ్గయ్యపేటలో ఉంటా" అంది. చీకటిపడకముందే వచ్చే ఆఖరి ఆటోలో నన్ను ఎక్కించింది.

రెండో రోజు బస్సులో కరుణ పక్కనే కూర్చున్నా పత్రం నాకు చూపించలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొత్త కాగితాలు ఒళ్లో ఉన్నాయి. "అక్కడే వినండి మేడం" అంది. ఏ మాటలు కొట్టేసిందో, ఏం మిగిల్చిందోనని నేను నందిగామ దాకా కుమిలిపోయాను.

హాలు నిండా జనం. ముందు వరసలో కమిటీవాళ్లు, అభ్యంతరం చెప్పిన పెద్దాయన కూడా. ఆయన్ని కన్వీనరు కళ్లతోనే నాకు చూపించాడు. హాల్లో చాలామంది చుట్టుపక్కల భూములున్న ఇళ్లవాళ్లు, వాళ్ల పిల్లలు. మైకు పక్కన ఒక లెక్చరర్‌ని నిలబెట్టారు, స్విచ్చి మీద చెయ్యి పెట్టుకుని. నేను అధ్యక్షస్థానంలో కూర్చుని కరుణను పిలిచాను.

"భూములు పోగొట్టుకున్న రైతుల మీద నవలలు రాసిన అమెరికా రచయితలు కొత్త కథలేం కల్పించలేదండీ. చిన్నప్పటినుంచీ తమ ఇళ్లల్లో వింటూ వచ్చిన పాత కథలు తీసుకుని, వాటికి తమ కాలం, తమ ఊళ్లు తొడిగారు. అందుకే చదివినవాళ్లకి అవి తమ కథల్లాగే అనిపించాయి. ఆ పద్ధతి ఎలా పనిచేస్తుందో మా ఊళ్లో మేం వినే ఒక కథతో చూపిస్తా" అని మొదలుపెట్టింది.

మున్నేటి ఒడ్డున ఒక ఊరుంది. వానలు లేని ఏడు ఒక కుటుంబం ఊరు వదిలి తెలంగాణ వైపు ఇటుకబట్టీలకు వలసపోయింది. అక్కడ తండ్రి పోయాడు. పెళ్లైన కొడుకులిద్దరూ పోయారు. నాగమ్మ అనే ఆ ముసలావిడ కోడళ్లిద్దరినీ పుట్టిళ్లకు పొమ్మంది. పెద్దకోడలు ఏడుస్తూ వెళ్లిపోయింది. చిన్నకోడలు రమణమ్మ వెళ్లలేదు. "నువ్వెక్కడుంటే నేనక్కడే అత్తా" అంది.

అక్కడ నాకు తెలిసింది. స్విచ్చి దగ్గర లెక్చరర్ వైపు చూశాను. అతను దవడకు చెయ్యి ఆనించుకుని కథ వింటున్నాడు. కన్వీనరు వింటున్నాడు. ఆ పెద్దాయన వింటున్నాడు. ఒక్క మాట కూడా తీయలేదు ఆ పిల్ల. నయోమి నాగమ్మైంది, రూతు రమణమ్మైంది, యవల చేను పత్తి చేనైంది. మొదటినుంచి చివరిదాకా బైబిల్‌నే వాళ్ల ముందు పెట్టి చదువుతోంది. దాన్ని రానివ్వకుండా కాపలా కాసినవాళ్లలో ఒక్కడికీ అదేమిటో తెలియదు. చదవకుండానే భయపడ్డారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది.

అత్తాకోడళ్లు పత్తి తీసే రోజుల్లో ఊరు చేరారు. రమణమ్మ ఒక చేలో పరిగెకు వెళ్లింది. మధ్యాహ్నం ఆసామి వచ్చి ఎవరీ పిల్ల అని అడిగాడు. అత్తను వదలకుండా వచ్చిన కోడలని కూలీలు చెప్పారు. అప్పుడు ఆ ఆసామి కోటేశ్వరరావు గారు పత్తి తీసేవాళ్లను పక్కకు పిలిచి అన్నాడు. "ఆమెని ఎవరూ అదిలించకండి. మంచి పత్తి కూడా కొంచెం కొంచెం కావాలనే జారవిడవండి. ఏరుకోనివ్వండి."

ఆ పేరు వినగానే నేను తలెత్తి కరుణను చూశాను. ఆమె నావైపు చూడలేదు.

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. పత్రం మధ్యలో చప్పట్లు నేనెప్పుడూ వినలేదు. రెండో వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. భర్తల చావుకు చప్పట్లు లేవు, వలసకు లేవు, రమణమ్మ అన్న మాటకు లేవు. ఆసామి దయకు వచ్చాయి. అందరూ తమ తాతల్నో తండ్రుల్నో తలుచుకుని ఉంటారు. పాత పత్రంలో ఉన్న చట్టం ఇందులో లేదు, ఎందుకంటే చట్టం చెప్పినవాడి పేరు చెప్పకూడదు. హక్కు తీసేస్తే దయ మిగిలింది. అది ఎవరికీ గుచ్చుకోలేదు.

అయిపోయాక పెద్దాయనే మైకు తీసుకున్నాడు. "ఇదీ అసలైన పద్ధతి. పరాయి కథలెందుకు? మన మట్టిలో లేవా? ఈ కథ ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మా అమ్మ చెప్పిందండి. ఆదివారాలు చెప్పుకుంటారు మా పల్లెలో" అంది కరుణ.

"జానపదం ఇంకా బతికే ఉంది చూడండి" అన్నాడాయన హాలువైపు తిరిగి. సదస్సు సంచికలో ఈ పత్రమే మొదట వెయ్యాలన్నాడు. నేను అధ్యక్షురాలిని, ముగింపు మాట నాది. నిజం చెప్పేస్తే ఆ పిల్లకు సర్టిఫికెట్ పోతుంది, జూన్‌లో ఉద్యోగం పోతుంది. మాట నొక్కిపట్టుకుని, పత్రం చాలా నిజాయితీగా ఉంది అని మాత్రం అని కూర్చున్నాను. నా జీవితంలో ఏ సభలోనూ అంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు, అంత కోపాన్నీ మింగలేదు.

భోజనాలయ్యాక సర్టిఫికెట్ ఇచ్చారు. ఇద్దరం బస్టాండుకు నడిచాం. ఆమె జగ్గయ్యపేట వైపు, నేను విజయవాడ వైపు. కొబ్బరిబొండాల బండి దగ్గర నిలబడినప్పుడు అడిగాను.

"ఆ పేరే ఎందుకు పెట్టావు?"

"ఇంకే పేరు పెట్టినా నాకు చదవబుద్ధి కాలేదు మేడం. రాత్రి ఆ ఒక్క దగ్గరే ఆగిపోయా. చివరికి, నిన్న ఆగాడు కదా, పోనీలే అని పెట్టా."

అప్పుడే ఆమె ఫోను మోగింది. దీనమ్మ. కరుణ స్పీకర్ పెట్టలేదు గాని బండివాడికి కూడా వినిపించేంత గట్టిగా ఉంది ఆ గొంతు. పొద్దున తొమ్మిదింటికే ట్రాక్టరు వచ్చిందట. ఇవాళ కొత్త మనిషి ఎవరూ గట్టు మీద లేరు. ఆడవాళ్లు అడ్డం వెళ్లేలోపే డ్రైవరు నాలుగు సాళ్లు దున్నేశాడట. ఆసామి రాలేదు, ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నానికి చేనంతా అయిపోయింది. కరుణ వేదిక ఎక్కేసరికే ఆ చేలో రోటవేటరు తిరుగుతోంది.

"అలాగే అమ్మా. వస్తున్నా" అని కరుణ ఫోను పెట్టేసింది. సర్టిఫికెట్ మడత పడకుండా పుస్తకంలో పెట్టుకుంటూ నాతో అంది.

"నేను చదివిందంతా నిజమే మేడం. బట్టీలకి పోయినోళ్లు మా మేనత్తవాళ్లు. పోయినోళ్లు పోయారు, అత్తను వదలని కోడలు కూడా ఉంది. చప్పట్లు కొట్టింది మాత్రం మా ఊళ్లో లేనిదానికి."

ఆమె బస్సు ముందు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది, నేనూ ఊపాను. నా బస్సు మూడున్నరకు. కీసర దాటేదాకా కన్వీనరు నుంచి వరసగా మెసేజీలు వచ్చాయి. సభ దిగ్విజయమైందట, ఫొటోలు కూడా పంపాడు. చివరిదానిలో, ఆ ఆసామి పాత్ర ఎంత సహజంగా ఉందో మేడం, అలాంటివాళ్లు మన ప్రాంతంలో ఇంకా ఉన్నారు అని రాశాడు. దానికి నేను జవాబు ఇవ్వలేదు. ఇదే నా జవాబు.

ఆ వైపు వెళ్లదలచినవారికి వివరాలు. నందిగామకు బస్సులు పొద్దున్నుంచి రాత్రిదాకా ఉన్నాయి. జగ్గయ్యపేటలో లాడ్జీలు ఫరవాలేదు. పెనుగంచిప్రోలుకు ఆటోలు నిండితే కదులుతాయి. ఫిబ్రవరిలో వెళితే పత్తి చేలల్లో ఆడవాళ్లు పరిగె ఏరుకుంటూ కనిపిస్తారు. కాసేపు గట్టు మీద నిలబడండి. ఏమీ మాట్లాడక్కర్లేదు, సాయమూ చెయ్యక్కర్లేదు. మీరు నిలబడినంతసేపు ట్రాక్టరు ఆగుతుంది.